దీపంవేళ ఖాళీ చేసే ఫోను

నిన్న మా బ్యాంకు కోచింగు గ్రూపు తెరవబోయి ఎక్కడో తప్పు నొక్కాను. గ్రూపు మాయమైంది. తెర అడుగున సన్నని పట్టీ ఒకటి వచ్చి, ఈ సంభాషణను ఆర్కైవులో పెట్టేశాను, వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు అన్నట్టు కాసేపు నిలబడి, నేను ఆలోచించుకునేలోగా అదీ వెళ్ళిపోయింది. గ్రూపు పోయినందుకు నాకు బాధేమీ లేదు. అందులో ఉన్నవాళ్ళలో ఇంతవరకూ బ్యాంకులో అడుగుపెట్టినవాడు ఒక్కడే, అదీ ఖాతా తెరవడానికి. కానీ ఆ పట్టీ చూడగానే మా పక్కకొట్టు పెద్దమ్మ గుర్తొచ్చింది.

ఆర్కైవ్ అంటే చెరిపేయడం కాదు. ముందుగదిలో కూర్చున్న మనిషిని లోపలిగదిలోకి పంపడం. పంపినట్టు అవతలివాళ్ళకి తెలియదు, వాళ్ళ మానాన వాళ్ళు మాట్లాడుతూనే ఉంటారు. ఒకప్పుడు వాళ్ళు కొత్త మాట పంపితే చాలు, లోపలిగదిలోంచి తమంతట తామే బయటికొచ్చి పైన కూర్చునేవారు. తర్వాత ఆ పద్ధతి మార్చారు. ఇప్పుడు ఎంత పిలిచినా లోపలే ఉంటారు, చప్పుడు కూడా రాదు. మన మనశ్శాంతి కోసమే మార్చారట. ఈ రోజుల్లో మనశ్శాంతి అంటే ఎదుటివాడి గొంతు వినబడకపోవడమే కాబట్టి, ఎవరూ కాదనలేదు. ఈ మార్పు వల్ల ప్రపంచంలో ఎవరెవరికి ఏమైందో నాకు తెలియదు. రాయగడలో ఒకావిడకి ఏమైందో మాత్రం తెలుసు.

ఆవిడది హోల్‌సేల్ కిరాణా. బెల్లం, ఉప్పు, చింతపండు, పొగాకు, అగ్గిపెట్టెలు. లక్ష్మీపూర్ నుంచీ బిస్సమ్ కటక్ నుంచీ చిన్నకొట్లవాళ్ళు సరుకు పట్టుకెళ్ళేవారు. పక్కనే మాది స్టీలు సామాన్ల కొట్టు. రెండు కుటుంబాలూ ఏ తరంలోనో పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ పడ్డవే. రక్తసంబంధం ఏమీ లేకపోయినా నేను పెద్దమ్మా అనేదాన్ని, బజారంతా అలాగే అనేది కాబట్టి. ఒడియావాళ్ళు మౌసీ అనేవారు. ఎవరు పిలిచినా ఆవిడ ముందు తల ఎత్తేది కాదు. చెయ్యి ఎత్తేది, ఆగమని. చేతిలో ఉన్న తూకం పూర్తయ్యాకే తల లేచేది. పోలీసు వచ్చినా అంతే, పూజారి వచ్చినా అంతే. ఒకసారి భూమి కాస్త కదిలి మేమంతా వీధిలోకి పరిగెత్తితే, ఆవిడ లోపలే చెయ్యెత్తి నిలబడి ఉంది. భూమి ఆగింది. తూకం అయ్యాకే బయటికొచ్చింది.

వేళ్ళకు ఎప్పుడూ బెల్లం జిగురు ఉండేది. అందుకని ఫోనును వేలి కణుపుతో కొట్టేది, తలుపు తట్టినట్టు. ఒక్కోసారి ఫోను పలికేది కాదు. "లోపలెవరూ నేరేటి" అని గొణిగి మళ్ళీ తట్టేది.

ఆ ఇంట్లో అత్తగారి కాలం నుంచీ ఒక ఆనవాయితీ ఉంది. సందెవేళ కొట్లో దీపం పెట్టేటప్పుడు గల్లాబల్ల మీద ఏమీ ఉండకూడదు. అమ్మవారు వచ్చి కూర్చోవడానికి చోటుండాలి. కాటా పళ్ళెం ఖాళీ కావాలి, పెన్ను సొరుగులోకి వెళ్ళాలి, సగం తాగిన టీ గ్లాసు కిందికి దిగాలి. నా మోచెయ్యి కూడా లెక్కలోదే.

"అమ్మీ, సెయ్యి తియ్యి. అమ్మోరు నీ ఒళ్ళో కూకుంటాదేటి?"

"కూర్చుంటే ఉద్యోగమైనా వస్తుంది పెద్దమ్మా."

"వచ్చిన్నాడు సూద్దుం. ముందు సెయ్యి తియ్యి."

ఫోను వచ్చాక ఒక ధర్మసందేహం వచ్చింది. దాన్ని సొరుగులో పెట్టేస్తే సరిపోదా? సరిపోదని తేల్చినవాడు ఆవిడ భర్త, మా పెదనాన్న. ఆర్డర్లన్నీ ఫోనులోకే వస్తున్నప్పుడు అదీ గల్లాబల్లే కదా, లోపల జనం కిక్కిరిసి ఉండగా సొరుగులో పెడితే ఎంగిలి గ్లాసును కొంగు కింద దాచినట్టే కదా అన్నాడాయన. లా చదవాల్సిన మనిషి, ఉప్పు అమ్ముకుంటూ బతికాడు. కిందికి బాణం గుర్తున్న చిన్న పెట్టెబొమ్మను ఆయనే కనిపెట్టాడు. దాన్ని నొక్కితే మనిషి తెర మీంచి లేచి లోపలికి వెళ్ళిపోతాడు. ఆ రోజు నుంచి దీపంవేళ ఆలుమగలిద్దరూ తలలు దగ్గరగా పెట్టి, ఆ రోజు మాట్లాడిన వాళ్ళందరినీ ఒక్కొక్కరినే సాగనంపేవారు.

"నువ్వెల్లు నాయనా, రేపు కనబడు. ఈ లక్ష్మీపూర్ ఆయన సూడు, ఎప్పుడూ అర్జెంటే. ఎల్లెల్లు."

తెర తెల్లగా అయ్యాక దీపం. పొద్దున్నకి పని ఉన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే బయటికొచ్చేవారు. పని లేనివాళ్ళు లోపలే ఉండేవారు. ఏర్పాటు బాగానే నడిచింది.

తర్వాత పెదనాన్న పోయాడు. ఆయనా లోపలిగదిలో ఉండిపోయాడు. ఆయన ఆఖరుసారి పంపిన మాట నాకు తెలుసు, ఆవిడే చూపించింది: పెరుగుందా, తేవాలా. జవాబిచ్చేలోగా ఆయనే పెరుగు పట్టుకుని ఇంటికొచ్చేశాడు కాబట్టి, ఆ ప్రశ్న అలాగే ఉంది. అప్పటినుంచి పెద్దమ్మ ఆ గది తెరవడం మానేసింది.

"మాటాడీవోళ్ళు ఎలాగూ బయటికొస్తారు. మాటాడనోళ్ళ కాడికి నేనెల్లి ఏటి సెయ్యాల?" అనేది.

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అప్పటికి.

పద్మపూర్‌లో ఆవిడ చెల్లెలు ఉండేది. తోడబుట్టింది ఆవిడొక్కతే. ఇద్దరికీ మాటల్లేవు. కారణం నేను పుట్టకముందో, ఉయ్యాల్లో ఉన్నప్పుడో జరిగిన ఒక పెళ్ళి భోజనం. వియ్యాలవారి బంతిలో పెద్దమ్మ వ్యాపారాన్ని ఎవరో మెచ్చుకుంటుంటే, చెల్లెలు నవ్వుతూ, "మా అప్ప తూస్తే దేవుడికైనా బెల్లం పలుకు తక్కువే వస్తాది" అంది. బంతి బంతంతా నవ్వింది. నిజం చెప్పాలంటే జోకు బాగుంది. అదే దాని నేరం. బాగాలేకపోతే ఎవరూ నవ్వేవారు కాదు, ఈ కథే ఉండేది కాదు. వ్యాపారం చేసుకునే మనిషిని ఏమైనా అనొచ్చు, తూకం మీద మాత్రం అనకూడదు. పెద్దమ్మ విస్తరి ముందు నుంచి లేచి, "నీ గొంతు నేనింక యినను" అని చెయ్యి కడిగేసుకుంది.

అన్నది అన్నట్టు పాటించింది. ఎదురుపడితే పక్కకి తిరిగేది, చెల్లెలింటి నుంచి ల్యాండ్‌లైన్ మోగితే పెదనాన్న తీసేవాడు. అలా ఏళ్ళు గడిచి, అందరి చేతుల్లోకీ బొమ్మలొచ్చే ఫోన్లు వచ్చాక ఒక పొద్దున్న పద్మపూర్ నుంచి తామరపువ్వులో లక్ష్మీదేవి దిగింది. కింద శుభోదయం. పెద్దమ్మ కళ్ళజోడు తుడిచి తుడిచి చూసింది.

"నేను గొంతు యిననన్నాను. బొమ్మ సూడనన్నేనేటి?"

"అనలేదు."

"మరంతే."

జవాబుగా వెంకటేశ్వరస్వామి వెళ్ళాడు. మర్నాడు అటునుంచి వినాయకుడు, ఇటునుంచి ఆంజనేయుడు. ఆ తర్వాత రోజూ ఇదే. చిన్నది ముందు పంపాలి, పెద్దది జవాబివ్వాలి. కొత్త దేవుళ్ళ కోసం ఆవిడ నా దగ్గరికి వచ్చేది. "నిన్న అది పంపిన అమ్మోరికి ఎనిమిది సేతులున్నాయి, తక్కువ సేతులోళ్ళని పంపితే బాగోదు" అనేది. నేను వెతికి పెట్టేదాన్ని. బ్యాంకు పరీక్షకు చదివిన దానికన్నా హిందూ దేవతల మీద నేను చేసిన పరిశోధనే ఎక్కువ.

ఒకరోజు దేవుడికి బదులు టీకప్పు వచ్చింది. పక్కన గులాబీ. పెద్దమ్మ పొద్దుటి బేరాలన్నీ అయ్యాక నన్ను పిలిచింది.

"దీనర్థమేటి అమ్మీ?"

"టీ తాగమని."

"మనింట్లో టీ నేదనా?"

"కాదు పెద్దమ్మా. ఊరికే. అందరూ పంపుకుంటారు."

"ఊరికే ఎవరూ టీ ఇవ్వరు." కప్పును వేళ్ళతో పెద్దది చేసి చూసింది. "ఈ కప్పు సూడు. మా అమ్మకాడ ఇలాటియ్యే ఉండీవి, నీలంగీతవి. నేనొకటి పగలగొట్టేను, దెబ్బలు అది తిన్నాది." ఇంకాసేపు చూసింది. "అది గ్యాపకం సేస్తంది నాకు."

ఆ కప్పు ఇంటర్నెట్లో కోటిమందికి తిరిగిన కప్పు. నేను చెప్పలేదు. ఆ సాయంత్రం దీపంవేళ అందరినీ లోపలికి పంపి, చెల్లెల్ని పంపేముందు కణుపు గాల్లో ఆపి, "నువ్వూ ఎల్లు. రేపు రా" అంది. గొంతు వినని మనిషితో ఆవిడ రోజూ మాట్లాడుతూనే ఉండేదని నాకప్పుడు తట్టింది. చట్టప్రకారం తప్పు లేదు. అవతలివాళ్ళకి వినబడదు కదా.

తర్వాత ఫోను ఆవనూనె డబ్బాలో పడింది. తీసి తుడిచి ఎండబెట్టినా లేవలేదు. ఆవిడ కొత్తది కొనుక్కుంది. పాతదానిలోని మనుషులందరినీ ఫోన్ల కొట్టువాళ్ళు కొత్తదానిలోకి తెచ్చిపెట్టారు. మారిన పద్ధతి కూడా దానితోపాటే వచ్చింది, ఎవరూ పిలవకుండానే. మొదటి సాయంత్రం ఆవిడ ఎప్పటిలా అందరినీ లోపలికి సాగనంపి దీపం పెట్టింది. మర్నాడు ఎవరూ బయటికి రాలేదు.

నేనప్పుడు కోరాపుట్‌లో కోచింగులో ఉన్నాను. ఆవిడ ఫోను చేసేది.

"కొత్త ఫోను బాగున్నాది అమ్మీ. సప్పుడే నేదు."

"ఆర్డర్లు రావట్లేదా?"

"వస్తన్నాయి. జనం రాతలు మానీసి నోటితో సెప్తన్నారు. మంచిదే, పాతకాలం లాగ. ఆ లక్ష్మీపూర్ ఆయన మెసేజెట్టేను మౌసీ, సూడనేదేటి అంటాడు. మీ కొండల్లో టవరెక్కడున్నాదిరా అన్నాను."

మా ప్రాంతంలో టవరు మీద వేయలేని నింద లేదు. నేనున్న హాస్టల్లోనే మేడ మీద నీళ్ళ ట్యాంకును కౌగిలించుకుంటే తప్ప సిగ్నల్ వచ్చేది కాదు. ఆ ట్యాంకు దగ్గరే నిలబడి వింటున్నాను కాబట్టి, ఆవిడ చెప్పింది నాకు చాలా సబబుగా తోచింది.

ఏదైనా పని ఉన్నవాళ్ళు జవాబు రాకపోతే ఫోను చేశారు. ఒక్కరే చేయలేదు. చేయకూడదని ఒప్పందం ఉన్న మనిషి.

కొన్నాళ్ళకి మళ్ళీ ఫోను.

"పద్మపూర్ కాడ టవర్లున్నాయా?"

"ఉంటాయి పెద్దమ్మా. ఎందుకూ?"

"ఏం నేదు. అడిగేను." తర్వాత బస్తా లాగిన చప్పుడు. "దాని ఫోను పాడైపోయుంటాది."

"బొమ్మలు రావట్లేదా?"

"నేనలా అన్నానేటి?"

"ఈసారి మీరే ఒకటి పంపండి."

"ముందు సిన్నది పెట్టాల. అది పెడితే నేను జవాబివ్వాల. నేను ముందెడితే ఆ పెళ్ళిలో అది అన్నమాట నిజమని ఒప్పుకున్నట్టు."

ఈ తర్కంలో పెదనాన్న పోలిక ఉంది. ఒక్క బొమ్మ పంపుదామని ఆవిడ చెల్లెలి పేరు వెతికి ఉంటే చాలు, లోపలిగది తలుపు తెరుచుకునేది. తెర పైన ఆ గది పేరు పక్కన చిన్న అంకె కూడా కనబడుతూనే ఉంది. చదవని మాటలు ఎంతమంది దగ్గరున్నాయో చెప్పే అంకె అది. పాత ఫోనులో అక్కడ మొత్తం లోపలున్నవాళ్ళ లెక్క ఉండేది కాబట్టి, ఆవిడ ఇదీ అదే అనుకుంది. పోయినవాళ్ళ లెక్క. దాన్ని చూస్తూ ఎవరూ కూర్చోరు.

కోచింగు అయిపోయింది. మిగిలినవాళ్ళు ఆశలతో, నేను పెట్టెతో ఇళ్ళకి చేరాం. నేను వచ్చాక కొద్దిరోజులకి, ఒక మధ్యాహ్నం, పద్మపూర్ నుంచి చెల్లెలి కొడుకు ఫోను చేశాడు. అమ్మ పోయిందని చెప్పి పెట్టేశాడు. పెద్దమ్మ ఫోను చెవికి అలాగే ఉంచుకుని రెండో చెయ్యి ఎత్తింది, ఆగమని. ఎదురుగా బేరానికొచ్చినవాళ్ళెవరూ లేరు.

ఆవిడకి పిల్లల్లేరు. నేనే వెంట వెళ్ళాను. గుణుపూర్ మీదుగా జీపులో వెళుతుంటే ఆవిడ ఏడవలేదు, తగువాడింది, అక్కడలేని వాళ్ళతో. "జబ్బు సేసిందని ఒక్కరూ కబురెట్టనేదు. బొమ్మలు మానీసింది. మానీస్తే మానీసింది, ఒక్క ముక్క సెప్పొద్దేటి? పరాయిదాన్నేటి నేను?" జీపులో ఎదురు కూర్చున్నాయన తననే అడుగుతోందనుకుని, నిజమేనమ్మా అన్నాడు.

చెల్లెలి కొడుకు వీధరుగు మీద ఉన్నాడు. మధ్యవయసు మనిషి, నాలుగైదు రోజుల గడ్డం. లేవలేదు.

"ఇప్పుడు తీరిందా పెద్దమ్మా?"

"కబురు తెలీందే ఎలాగొస్తాన్రా?"

"తెలీపోడమేటి. అమ్మ ఎన్ని మెసేజులెట్టింది నీకు. రోజూ ఫోను తీసి సూసుకునీది. రెండు గీతలు పడ్డాయిరా, అప్పకి అందింది, తెరవటం నేదు అనీది."

"నాకేటీ రానేదు."

"నేను ఫోను సేస్తానంటే ఒట్టెట్టించుకుంది. నువ్వు సేస్తే నేను సేసినట్టే, అప్ప గొంతు యిననన్నాది, మాట తప్పించకు అని. నీ మాట నిలబెట్టడానికి అమ్మ ఎలాగ ఉండీదో తెలుసేటి నీకు?"

పెద్దమ్మ ఫోను నా చేతిలో పెట్టింది. రాలేదని చూపించమని. నేను తెరిచాను. తెల్లటి తెర, పైన ఆ గది పేరు, పక్కన అంకె. దాన్ని నొక్కాను.

చెల్లెలు అన్నిటికన్నా పైనే ఉంది. పొద్దున్నే పంపే అలవాటు తప్పకుండా, రోజుకో దేవుడు. లక్ష్మి, వినాయకుడు, మళ్ళీ లక్ష్మి, ఒకచోట ఆ టీకప్పు. ఆ దేవుళ్ళ మధ్య మధ్య ఆవిడ కష్టపడి కొట్టుకున్న తెలుగు ముక్కలు. అప్పా పలకవేటి. అప్పా ఒంట్లో బాగోలేదు. గుణుపూర్ ఆస్పత్రికెల్లేం అప్పా. తర్వాత మళ్ళీ వినాయకుడు. తర్వాత: ఓసారి రా అప్పా. మాటాడకు. వచ్చి కూకో సాలు.

పెద్దమ్మ నా భుజం మీంచి చదివింది. పైకే చదివింది, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ. అరుగు మీద వాళ్ళందరికీ వినబడింది. చివరి ముక్క దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది.

నేను వివరించాలి కదా. వివరించాను. ఆర్కైవ్ అంటే ఇదీ, ఇదివరకు పద్ధతి అదీ, కొత్త ఫోనులో మారిందీ, దీపంవేళ ఆవిడకు ఇలా అలవాటు, అందుకే అందింది గానీ కనబడలేదు. ఫోను పైకెత్తి, ఇదిగో ఇక్కడ నొక్కితే అని చూపించడం కూడా మొదలుపెట్టాను. చావింటి అరుగు మీద డెమో ఇచ్చిన మనిషిని మా జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

"మా యమ్మ పోయింది," అన్నాడతను. "నువ్వు నాకు సెట్టింగులు సెప్తన్నావా?"

పక్కన కూర్చున్న ఒక ముసలావిడ, "ఇప్పుడన్నీ ఫోన్ల మీద తోసీడమే" అంది, ఎవరి వైపూ చూడకుండా.

అది నిజం. మా ప్రాంతంలో దేన్నైనా ఫోను మీదో టవరు మీదో తోసేస్తాం. ఈ ఒక్కసారి నిజంగానే ఫోను తప్పు. నమ్మడానికి ఎవరూ మిగల్లేదు.

అన్నిటికన్నా కింద, ఆఖరున, బొమ్మా కాదు రాతా కాదు. మైకు గుర్తున్న మాట. నా వేలు దానిమీదికి వెళుతుంటే పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"అందులో దాని గొంతున్నాదా?"

"ఉంది పెద్దమ్మా."

"వద్దు."

"ఇప్పుడు కూడానా? ఆ మాట వెనక్కి తీసుకోండి. ఎవరేమంటారు?"

"ఎవరికి సెప్పి తీసుకోమన్నావు?" అంది. "దానితో అన్నమాట. దానికి సెప్పే తీసుకోవాల."

తిరిగొచ్చాక ఆవిడ చెల్లెలి బొమ్మలన్నిటికీ జవాబులివ్వడం మొదలుపెట్టింది, మొదటినుంచి వరసగా. ఒక్కోదానికి ఒక్కో దేవుడు. టీకప్పు దగ్గర ఆగి, నన్ను నీలంగీత కప్పు వెతకమంది. వెతికాను. పంపింది. కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకుని తెరను దగ్గరగా పెట్టుకుంది.

"ఒక్క గీతే పడ్డాదేటి?"

"ఆ ఫోను ఆపేసి ఉంది పెద్దమ్మా."

"రెండోది ఎప్పుడు పడతాది?"

"ఎవరైనా దాన్ని తెరిస్తే."

"తెరుస్తారా?"

నేను చింతపండు బుట్ట పక్కకి జరిపాను, జరపాల్సిన అవసరమేమీ లేకపోయినా.

ఫోనులో పాత పద్ధతి మళ్ళీ వచ్చేలా మార్చి ఇచ్చాను. ఇక మాట్లాడినవాళ్ళు బయటికొస్తారు పెద్దమ్మా అన్నాను. "ఎవరొస్తారు?" అంది. లక్ష్మీపూర్ ఆయన వచ్చాడు, అర్జెంటుగా. బిస్సమ్ కటక్ వాళ్ళు వచ్చారు. ఆవిడ ఎవరినీ మళ్ళీ లోపలికి పంపలేదు. దీపంవేళ బల్ల మీద పెన్ను, టీ గ్లాసు, బేరం కాని బెల్లం దిమ్మ అలాగే ఉండేవి. నా మోచెయ్యి కూడా ఉండేది, ఎవరూ తియ్యమనలేదు. అమ్మవారు నిలబడే వచ్చి నిలబడే వెళ్ళిందేమో.

వానలకు ముందు పెద్దమ్మ పోయింది. కొట్లోనే, చేతిలో తూకం ఉండగా పోయిందని బజారులో చెప్పుకుంటున్నారు. వినడానికి బాగుంటుంది. నిజానికి ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక, మంచం మీద, ఎవరూ చూడని టీవీ సీరియలు నడుస్తుండగా పోయింది.

దగ్గర బంధువు చెల్లెలి కొడుకే కాబట్టి కర్మ అతనే చేశాడు. కొట్టూ అతనికే వచ్చింది. పద్మపూర్ నుంచి వచ్చి షట్టరు తీసిన రోజు నన్ను పిలిచి, పెద్దమ్మ ఫోను బల్ల మీద పెట్టాడు.

"కొట్టు నంబర్లుంచీసి మిగిలినవి తీసీ అమ్మీ. ఆర్డర్లకి ఇదే వాడతాను."

తీయడం మొదలుపెట్టాను. పెదనాన్న పెరుగు అడిగిన మాట తీసేశాను. చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి ఆగాను. మైకు గుర్తు ఇంకా వినని రంగులోనే ఉంది.

"ఇది మీ అమ్మగారి గొంతు అన్నయ్యా. పెద్దమ్మ వినలేదు."

అతను వంగి ఆ గుర్తును చూశాడు.

"ఎప్పటికీ యిననేదా?"

"లేదు."

"పెట్టు."

నొక్కాను. ముందు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఎక్కడో గిన్నె కింద పెట్టారు. బట్ట రాసుకున్నట్టు గరగర. తర్వాత దగ్గరనుంచి ఒక మగగొంతు, "మందేసుకున్నావా అమ్మా?" అని. కాస్త ఆగి, చాలా మెల్లగా, "ఆఁ." మళ్ళీ ఫ్యాను. అయిపోయింది.

"అది నేనే," అన్నాడు.

"అవును."

"పెద్దమ్మతో ఏటీ అననేదు."

"లేదు."

"ఫోను పట్టుకు పడుకునీది. వేలు తగిలుంటాది."

"అయ్యుండొచ్చు."

ఉప్పుబస్తా మీద కూర్చున్నాడు. "మళ్ళీ పెట్టు" అన్నాడు. పెట్టాను. మళ్ళీ అదే ఫ్యాను, అదే గిన్నె, అదే ఆఁ. మూడోసారి అడగలేదు.

"తీయొద్దు దాన్ని. నా ఫోనుకి పంపీ."

పెద్దమ్మ ఫోనులో అతని నంబరు ఉంది. లోపల ఒక్క మాట కూడా లేదు, ఆవిడ అతనికి ఎప్పుడూ ఏమీ పంపలేదు. మొదటిసారి ఇదే వెళ్ళింది. అతని చొక్కాజేబులో ఫోను గుర్రుమంది. తెర మీద పెద్దమ్మ పేరు పడి ఉంటుంది. అంతలో బిస్సమ్ కటక్ కొట్టాయన వచ్చి బెల్లం అడిగాడు. అతను జేబు తడుముకోకుండానే లేచాడు. దిమ్మ తీసి కాటా మీద పెట్టి, అంకె నిలిచేదాకా దాని వైపే చూస్తూ నిలబడ్డాడు.